మూడో జత

(లఘుచిత్రాలు తీయాలనుకునే డిగ్రీ విద్యార్థుల శిబిరంలో మొదటి రోజు ఉదయం చేసిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వారికి నా మాట వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, ఒక్కసారి ఆపుతారా? ఉక్కపోస్తుంది, తెలుసు. కొంచెం ఓర్చుకోండి. ఇప్పుడు చూడండి, గది ఎలా మారిపోయిందో. ఇంతసేపూ ఆ ఫ్యాను మోగుతోందని మీలో ఎంతమంది గమనించారు? ఆగిపోయాక గానీ అది ఉందని తెలియలేదు, కదా? దీని సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఇంకో ప్రశ్న. ఈ గదిలోకి వచ్చేటప్పుడు చెప్పులు ఎక్కడ విడిచారు? గుమ్మం బయట. ఇప్పుడు ఎవరైనా ఆలస్యంగా వచ్చారనుకోండి. తలుపు తీయకముందే వాళ్లకు ఏమేమి తెలుస్తుంది? లోపల సుమారుగా ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. ఆడపిల్లలు ఎందరో, మగపిల్లలు ఎందరో తెలుస్తుంది. ఎవరు హడావిడిగా వచ్చారో కూడా తెలుస్తుంది, వాళ్ల చెప్పులు చెల్లాచెదురుగా పడి ఉంటాయి కాబట్టి. మన ఇళ్లలో గుమ్మం బయట చెప్పులుంటే మనిషి లోపల ఉన్నట్టు. ఇది మనకు ఎవరూ నేర్పలేదు, అయినా అందరికీ తెలుసు. దీన్ని గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ గుమ్మం దగ్గరే జరుగుతుంది.

నేను విద్యార్థులకు ఇచ్చే పని చిన్నది. ఒక థ్రిల్లర్ సినిమా ఉందనుకోండి, రెండున్నర గంటల సినిమా. అందులో తొలి రెండు నిమిషాలు మాత్రం తీసి తెండి, టైటిళ్లతో సహా. అంతే. ఈ పని నేను కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో మన ఇంటర్మీడియట్ వయసు పిల్లలు చదివే మీడియా స్టడీస్‌లో, ఓసీఆర్ అనే పరీక్షా మండలి చాలా ఏళ్లపాటు ఇదే పని ఇచ్చింది. ఒక కొత్త కథాచిత్రానికి టైటిళ్లు, ప్రారంభ సన్నివేశం, గరిష్ఠంగా రెండు నిమిషాలు. సంగీతం సొంతంగా చేసుకోవాలి, లేదా కాపీరైటు అడ్డంకి లేనిది వాడుకోవాలి. దానికంటే ముందు ఒక కసరత్తు కూడా ఉండేది. ఒక మనిషి తలుపు తీసుకుని గదిలోకి రావాలి, గది దాటి వెళ్లి ఇంకొకరికి ఎదురుగా కుర్చీలో కూర్చోవాలి, ఇద్దరూ ఒకటి రెండు మాటలు మాట్లాడుకోవాలి. ఇంతే కసరత్తు.

వినడానికి ఎంత తేలిక! తీసి చూడండి, తెలుస్తుంది. బయట నుంచి తీసిన షాట్‌లో కుడిచేత్తో తలుపు తోస్తాడు, లోపలి షాట్‌లో ఎడమచెయ్యి కనిపిస్తుంది. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ తెర మీదికి వచ్చేసరికి ఒకే గోడను చూస్తూ మాట్లాడుతున్నట్టు ఉంటారు. ఎందుకు? ఆ ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకోవాలి, కెమెరా ఆ గీతకు ఒక వైపే ఉండాలి, గీత దాటిందంటే మనిషి చూపు తిరగబడుతుంది. దీన్నే 180 డిగ్రీల నియమం అంటారు. పుస్తకంలో చదివితే ఒక వాక్యం. చేత్తో ఒకసారి తప్పు చేస్తే జీవితాంతం గుర్తుంటుంది. అందుకే ఆ కసరత్తు మానకండి అని బతిమాలుతాను.

మరి ప్రారంభం అంటే ఏమిటి? రెండు నిమిషాల లఘుచిత్రం, రెండు నిమిషాల ప్రారంభం ఒకటేనా? ఒకటి కాదు. నాకు వచ్చే వాటిలో సగానికి పైగా ఇక్కడే దెబ్బతింటాయి. రెండు నిమిషాల్లోనే హత్య జరిగిపోతుంది, పోలీసు వచ్చేస్తాడు, హంతకుడు ఎవరో తెలిసిపోతుంది. ఇక మిగిలిన రెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు ప్రేక్షకుడు ఎందుకు కూర్చోవాలి? ఆ మనిషిని సీట్లో కూర్చోబెట్టే ప్రశ్న ఒకటి ఆ రెండు నిమిషాల్లో పుట్టాలి. ఒక్క ప్రశ్న చాలు. అది మీ మనసులో ఉంటే సరిపోదు, చూసేవాళ్ల మనసులో పుట్టాలి. వాళ్ల మనసులో పుట్టిందో లేదో కనుక్కోవడమే మూల్యాంకనం. మిగతా పేర్లు ఏం పెట్టుకున్నా మూల్యాంకనం అంటే నాకు తెలిసింది అదే.

ఒక జట్టు కథ చెబుతాను. నలుగురు. ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. వాళ్లు మొదటిసారి తీసుకొచ్చిన దాంట్లో ముసుగు ఉంది, కత్తి ఉంది, టమాటా కెచప్ రక్తం ఉంది, చివర్లో పెద్ద అరుపు ఉంది. చాలా కష్టపడ్డారు. రాత్రంతా మేలుకుని తీశారు. తరగతిలో వేసి చూపిస్తే అందరూ నవ్వారు. ఆ నలుగురి ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. ఎందుకు నవ్వారు? రక్తం సరిగ్గా కుదరకనా? అది కాదు. కత్తి పట్టుకున్నవాడు ఎవరో తెలియదు, పొడిపించుకున్నవాడు ఎవరో తెలియదు. తెలియని మనిషి కోసం ఎవరు భయపడతారు?

1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ఎం’ అనే జర్మన్ సినిమా ఉంది. పిల్లల్ని చంపే హంతకుడి కథ. మొదట్లోనే ఒక పాప చనిపోతుంది. లాంగ్ ఆ హత్యను చూపించలేదు. తల్లి ఇంట్లో భోజనానికి కంచం పెట్టి ఎదురుచూస్తూ ఉంటుంది. పాప పేరు పిలుస్తుంది. ఖాళీ మెట్లు కనిపిస్తాయి. ఖాళీ కంచం కనిపిస్తుంది. గడ్డిలోకి ఒక బంతి దొర్లి ఆగుతుంది. టెలిఫోను తీగల్లో ఒక బెలూను చిక్కుకుని కొట్టుకుంటుంది. అంతే. ఆ బంతి ఎవరిదో మనకు ముందే తెలుసు కాబట్టి ఇక చెప్పవలసింది ఏమీ లేదు. ఆ నలుగురికీ ఈ భాగం చూపించి ఒక్కటే అడిగాను. బంతికి, బెలూనుకు, కంచానికి ఎంత ఖర్చవుతుంది? మీ ఇంట్లో అలాంటివి ఏమున్నాయి?

వారం తర్వాత ఆ అమ్మాయి వచ్చి, “చెప్పులు ఉన్నాయండీ” అంది.

వాళ్ల కొత్త ఆలోచన ఇది. సాయంత్రం, అపార్ట్‌మెంట్ వరండా, తాళం వేసి ఉన్న తలుపు. తలుపు పక్కన అమ్మ ఇంటి దగ్గర వదిలి వెళ్లిన చెప్పుల జత. కూతురు మెట్లెక్కి వస్తుంది, తన చెప్పులు విడుస్తుంది, తాళం తీసుకుని లోపలికి వెళ్తుంది. కెమెరా ఆమె వెంట వెళ్లదు, బయటే ఉండిపోతుంది. లోపల నుంచి గడియ వేసుకున్న చప్పుడు. వరండాలో రెండు జతలు. ఇంతలో కరెంటు పోతుంది. చీకటి. కరెంటు వస్తుంది. వరండాలో మూడు జతలు.

చూశారా, ఇప్పుడు ఈ గదిలో ఎవరూ నవ్వలేదు. గడియ లోపల వేసి ఉంది, తలుపు తెరుచుకోలేదు. చెప్పులేమో మనిషి లోపల ఉన్నాడని చెబుతున్నాయి. మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన చెప్పుల భాషే ఇక్కడ భయం పుట్టిస్తోంది. ముసుగు అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు.

ఆలోచన దొరికింది కదా, ఇక సులువే అనుకున్నారు. అక్కడి నుంచే అసలు పని మొదలైంది.

మొదటిది వెలుగు. వరండాలో ఉన్నది ఒక్క ట్యూబులైటు. ఫోనుతో తీశారు. చూస్తే తెర మీద పట్టీలు పాకుతున్నాయి. ఎందుకంటే మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంది. పాత చోక్ ట్యూబులైటు సెకనుకు వంద సార్లు మిణుకుతుంది. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు పెట్టుకుని, షట్టర్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయాన్ని, సెకనులో యాభయ్యో వంతుకు బిగిస్తే ఆ పట్టీలు పోతాయి. ఫోనులో మామూలుగా ఉండే కెమెరాలో ఇది కుదరకపోతే, చేత్తో మార్చుకునే వీలున్న యాప్ వేసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి. లైటు ఆరిపోగానే ఫోను తనంతట తానే చీకటిని వెలుగు చేయాలని చూస్తుంది. చీకటి కావలసిన చోట బూడిదరంగు మసక వస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ (కెమెరా ఎంత వెలుగు తీసుకోవాలన్నది), ఫోకస్ రెండూ ముందే బిగించండి. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి టేకు మధ్యలో ఎవరో ఒకరు ఫోను చేస్తారు.

అయితే అదే పాత ట్యూబులైటు వాళ్లకు ఒక వరం కూడా ఇచ్చింది. స్విచ్ వేయగానే అది ఒక్కసారిగా వెలగదు. రెండు మూడు సార్లు టిక్కు టిక్కుమని మిణుకుమిణుకుమంటుంది. ఆ మొదటి మిణుకులో మూడో జత లీలగా కనిపిస్తుంది, మళ్లీ చీకటి, మళ్లీ మిణుకు, అప్పుడు నిలకడగా వెలుగు. దీన్ని ఏ సాఫ్ట్‌వేర్‌తో చేసినా అంత సహజంగా రాదు. ఉన్నదాన్ని బాగా చూడండి. డబ్బు లేనివాళ్లకు అదే పెద్ద ఆస్తి. తలుపు వైపు నీడలు మరీ నల్లగా ఉంటే ఒక తెల్ల థర్మోకోల్ షీటు అడ్డంపెట్టి వెలుగును మళ్లించారు. పెద్ద షూటింగుల్లో కూడా థర్మోకోల్ వాడతారు, చిన్నతనంగా అనుకోకండి.

రెండోది శబ్దం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరూ బొమ్మ గురించి ఆరాటపడి శబ్దాన్ని వదిలేస్తారు. ఈ సన్నివేశంలో గడియ చప్పుడే కథానాయకుడు. అపార్ట్‌మెంట్ తలుపుకు ఉన్నది పల్చటి అల్యూమినియం గడియ. దాని చప్పుడు రికార్డు చేస్తే పెన్ను మూత పెట్టినట్టుంది. ఒక అబ్బాయి వాళ్ల అమ్మమ్మగారి ఊరు వెళ్లి, పాత ఇంటి ఇనుప గడియ చప్పుడు పట్టుకొచ్చాడు. ఫోను తలుపుకు జానెడు దూరంలో పెట్టి, పదిహేనుసార్లు వేసి తీసి. తెర మీద అపార్ట్‌మెంట్ తలుపు, చెవికి ఇనుము. ఎవరికీ తేడా తెలియలేదు, కానీ అందరికీ గుండె ఝల్లుమంది.

ఇందాక ఫ్యాను గురించి అడిగాను. ప్రతి చోటుకూ దానిదైన నిశ్శబ్దం ఉంటుంది. ఎవరూ మాట్లాడకుండా, ఎవరూ కదలకుండా ఆ చోటులో ముప్ఫై సెకన్లు ఊరికే రికార్డు చేసుకోండి. దాన్ని రూమ్ టోన్ అంటారు. షాట్‌కూ షాట్‌కూ మధ్య అతుకులు వినబడకుండా కింద పరుచుకోవడానికి అది కావాలి. ఈ జట్టు దాన్ని ఇంకో పనికి వాడుకుంది. వరండాలో ఎవరి ఇంటి నుంచో టీవీ, ఎక్కడో ఫ్యాను, నీళ్ల మోటారు, ఇవన్నీ సన్నగా వినిపిస్తూ ఉంటాయి. కరెంటు పోగానే అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఇందాక మీరు ఇక్కడ విన్నారు కదా, అలాగే. సంగీతం లేకుండానే చూసేవాళ్లు ఊపిరి బిగబట్టారు.

మొదట వాళ్లు కింద ఒక గంభీరమైన హోరు కూడా పెట్టారు. హెడ్‌ఫోన్లలో అద్భుతంగా ఉంది. ఫోను స్పీకర్లో వేస్తే లేనే లేదు. అంత చిన్న స్పీకర్లు మరీ లోతైన శబ్దాన్ని పలికించలేవు. మీ సినిమాను ఎక్కువమంది చూసేది ఫోనులోనే కదా? అప్పుడు ఆ హోరు మీద ఆధారపడ్డ భయం ఏమైపోతుంది? తీసేశారు.

రిహార్సల్ గురించి ఒక్క మాట. క్రిస్టఫర్ నోలన్ తొలి సినిమా ‘ఫాలోయింగ్’ 1998లో వచ్చింది. ఆరు వేల డాలర్ల ఖర్చని చెబుతారు. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ శనివారాలు తీశారు, దాదాపు ఏడాది పట్టింది. ఖర్చులో ఎక్కువ భాగం ఫిల్ముదే కాబట్టి, నాటకం ఆడినట్టు ముందే బాగా రిహార్సల్ చేసి, ఒకటి రెండు టేకుల్లో ముగించేవారు. మీకు ఫిల్ము ఖర్చు లేదు. నలభై టేకులు తీయవచ్చు. కానీ నలభై టేకులు తీసిన రోజు ఎడిటింగ్ బల్ల దగ్గర మీరు ఏడుస్తారు. చీకట్లో మూడో జత పెట్టే అబ్బాయి ఉత్త కాళ్లతో నడిచి, పెట్టి, వెనక్కి రావాలి. ట్రైపాడ్‌కు కాలు తగిలితే ఫ్రేము కదిలిపోయినట్టే. ఆ నడకను వాళ్లు పగలు కళ్లు మూసుకుని ఇరవైసార్లు సాధన చేశారు. రాత్రి మూడు టేకుల్లో అయిపోయింది.

ఇక అనుమతులు. అపార్ట్‌మెంట్ సంఘాన్ని ముందే అడిగారు, పై అంతస్తు వాళ్లకు చెప్పారు. దయచేసి బొమ్మ తుపాకులు, కత్తులు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లకండి. చూసినవాళ్లకు అది సినిమా అని తెలియదు. 112కు ఫోను వెళ్తుంది, నిజమైన పోలీసులు వస్తారు. రైలు పట్టాల మీద తీయాలని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. వద్దు. ఏ షాటూ అంత విలువైనది కాదు.

తీసేశారు. ఇప్పుడు చూపించాలి. ఎవరికి? స్నేహితులకా? స్నేహితులు బాగుంది అంటారు. బాగుంది అనే మాటతో మీరేం చేసుకుంటారు? కథ తెలియని పన్నెండు మందిని పోగుచేశాం. క్యాంటీన్లో పనిచేసేవాళ్లు, గ్రంథాలయంలో ఉద్యోగులు, వేరే విభాగాల పిల్లలు. ఒక్కొక్కరికీ విడిగా చూపించాం. చూపించే ముందు ఒక్క ముక్క వివరించకూడదు, చూశాక సమర్థించుకోకూడదు. అడగవలసినవి మూడు. ఎవరి కోసం భయపడ్డారు? దేనికి భయపడ్డారు? తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నారు? వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి.

ఏం చెప్పారో తెలుసా? ఎక్కువమంది, “నాన్న ఇంటికి వచ్చాడు” అన్నారు. భయం ఏమీ లేదు! ఇంటికి మగవాళ్ల చెప్పులు వచ్చాయి, నాన్నో అన్నో వచ్చి ఉంటాడు. జట్టుకేమో ఆ ఇంట్లో తల్లీ కూతుళ్లే ఉంటారని తెలుసు, కథ రాసుకుంది వాళ్లే కాబట్టి. చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇంకొందరు మూడో జతను చూడనే లేదు. వాళ్ల కళ్లు తలుపు కింద కనిపించే వెలుగు మీద ఉన్నాయి.

సరే, సవరించారు. తలుపు తీసినప్పుడు లోపల గోడ మీద నాన్న ఫోటో కనిపించేలా పెట్టారు, దండ వేసి. నాన్న లేడని ఒక్క షాట్‌లో తెలిసిపోతుంది. తెలివైన పని. ఆ ఫోటోకు దీపం పెట్టడానికే పూట గడిచింది. ఇంకో పన్నెండు మందికి చూపించాం. ఈసారి అందరూ భయపడ్డారు! దేనికి భయపడ్డారు అని అడిగితే, “నాన్న దయ్యమై వచ్చాడు” అన్నారు.

ఇప్పుడు చెప్పండి, ఇది విజయమా, ఓటమా? భయపడ్డారు కదా, చాలు అనుకోవచ్చా? కుదరదు. వాళ్లు తీస్తున్నది థ్రిల్లర్. దయ్యం వస్తుందని ఎదురుచూసే ప్రేక్షకుడు వేరే సినిమాకు టికెట్టు కొన్నట్టు. దయ్యానికి తాళం, గడియ అడ్డుకావు. అప్పుడు ‘గడియ వేసి ఉంటే ఎలా వచ్చాడు’ అనే ప్రశ్నే చచ్చిపోతుంది. ఆ ఫోటో షాట్ మొత్తం సినిమాలో అందమైనది. తీసేయమన్నాను. దీపం పెట్టిన అబ్బాయికి చాలా బాధ కలిగింది, నాకు తెలుసు. తీసేశాడు.

మూడోసారి రెండు మార్పులు. ఒకటి, కూతురు వచ్చేసరికి అమ్మ చెప్పుల్లో ఒకటి బోర్లా పడి ఉంటుంది. ఆమె వంగి దాన్ని సరిచేసి, పక్కన తనవి పెట్టి లోపలికి వెళ్తుంది. బోర్లా పడ్డ చెప్పును అలా వదిలేయకూడదని మన పెద్దలు అంటారు కదా, అందుకని ఎవరికీ వింతగా తోచదు. కానీ ప్రేక్షకుడి చూపు చెప్పుల మీదికి వెళ్లిపోయింది, రెండు జతలని లెక్క కూడా పడింది. రెండు, లోపల నుంచి ఫోనులో మాట వినిపిస్తుంది. “అమ్మా, గడియ వేసుకున్నాను. నువ్వు వచ్చేదాకా ఎవరికీ తియ్యను.” కరెంటు పోతుంది. చీకట్లో, “కరెంటు పోయిందమ్మా” అంటుంది. వెలుగు వస్తుంది. మూడు జతలు. లోపల ఆమె మాట్లాడుతూనే ఉంటుంది, మామూలుగా. అప్పుడు, ఆ మాటల మీదే, నెమ్మదిగా గడియ తీస్తున్న చప్పుడు. టైటిల్ పడుతుంది.

ఈసారి చూసినవాళ్లు జవాబులు చెప్పలేదు. మమ్మల్నే అడిగారు. “గడియ తీసింది ఎవరు?”

ఇంకొక విషయం చెప్పాలి. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఆ మూడో జత మొదట ఏమిటనుకున్నారు? అరిగిపోయిన రబ్బరు చెప్పులు, హవాయి చెప్పులు. ఎందుకు అవి పెట్టారంటే, ఊరికే, దొరికాయి కాబట్టి. చూసినవాళ్ల జవాబులు తిరగేస్తే దొంగ, కూలివాడు, వాచ్‌మన్ అన్న మాటలు మళ్లీ మళ్లీ కనిపించాయి. ఒక్క మనిషిని చూపించకుండా, ఒక జత చెప్పులతో, పేదవాణ్ణి నేరస్థుణ్ణి చేసేశాం. ఎవరూ అనుకుని చేయలేదు. అనుకోకుండా చేయడమే ప్రమాదం. ఆ బ్రిటన్ పరీక్షలో మూల్యాంకనానికి ఏడు ప్రశ్నలు ఉండేవి. అందులో ఒకటి, మీ చిత్రం సమాజంలోని ఏ వర్గాలను ఎలా చూపిస్తోంది అని. పిల్లలు ఆ ప్రశ్నకు ఏదో మొక్కుబడిగా రాస్తారు. ఈ జట్టుకు ఆ ప్రశ్న గుమ్మం ముందే కనిపించింది.

రబ్బరు చెప్పులు తీసేసి తోలు బూట్లు పెట్టారు. మెరుస్తున్న నల్ల బూట్లు, పక్కపక్కనే పొందికగా. లోపల మేజోళ్లు మడిచి పెట్టి ఉన్నాయి. మేజోళ్లు మడవడం ఆ అమ్మాయి ఆలోచనే. చీకట్లో, లోపల గడియ వేసి ఉన్న ఇంటి ముందు నిలబడి, తాపీగా మేజోళ్లు మడుచుకున్నవాడు ఎవడు? ఈ ఇంటికి ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చాడు? న్యాయమూ దక్కింది, భయమూ పెరిగింది.

చివరిగా, రాతపని. మూల్యాంకన వ్యాసం రాయమంటే, “మేము చాలా కష్టపడ్డాం, కెమెరా పనితనం బాగా కుదిరింది” అని రాస్తారు. కష్టం తెర మీద కనిపించదు. ఒక షాట్ పేరు చెప్పండి. అక్కడ ఏం నిర్ణయించుకున్నారు, ఏం ఆశించారు, చూసినవాళ్లు ఏమన్నారు, దాన్నిబట్టి ఏం మార్చారు, ఇవి రాయండి. దండ ఫోటో గురించి ఆ జట్టు ఒకటిన్నర పేజీ రాసింది. సినిమాలో లేని షాట్ గురించి! వాళ్లకు ఎక్కువ మార్కులు వచ్చింది ఆ పేజీన్నరకే.

సరే. ఇప్పుడు మీకొకటి చూపిస్తాను. చెప్పుల సినిమా కాదు, దాని కథంతా చెప్పేశాను కాబట్టి మీ అభిప్రాయం ఇక పనికిరాదు. ఇది వేరే జట్టు తీసింది. దీని గురించి ఏమీ చెప్పను. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. మూడు ప్రశ్నలు గుర్తున్నాయి కదా? మొదటిసారి శబ్దం లేకుండా వేస్తాను, రెండోసారి శబ్దంతో. పక్కవాళ్లతో మాట్లాడకండి. బాబూ, తలుపు దగ్గర కూర్చున్న నువ్వే, ఆ లైటు ఆర్పు. ఫ్యాను వేయొద్దు.